పొద్దుగూకినంక తీసిన అడుగు

తీతు సెలవు మీద వచ్చిన రోజు సికింద్రాబాదు నుంచి బస్సులు లేవు. రేకు పెట్టె నెత్తిన పెట్టుకుని, మూసీ దాటి, మలక్‌పేట మీదుగా గడ్డిఅన్నారం దాకా నడిచే వచ్చాడు. దారిలో టైర్లు కాలుతున్నాయి. ఒకచోట కుర్రాళ్ళు అడ్డం నిలబడి ఏ ఊరని అడిగారు. అతను నోరు విప్పగానే మాట తీరును బట్టి ఇక్కడివాడేనని పట్టేసి, పెట్టె తెరవమనకుండానే పొమ్మన్నారు. ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. అన్నమ్మ అతన్ని గడప అవతలే నిలబెట్టి కాళ్ళ మీద నీళ్ళు పోసింది. పోస్తూ పోస్తూ చెంబు ఆపేసింది.

"ఏందిది?"

"ఏం లేదు. బూటు కరిసింది."

కుడికాలి చివరి వేళ్ళు కమిలిన వంకాయల్లా నల్లబడి ఉన్నాయి. చిటికెన వేలికి గోరు లేదు. మడమ మీద పుండు మానిన మచ్చ చెంబు నీళ్ళకు మెరిసింది. బూటు కరిస్తే తోలు లేస్తుంది గాని వేలు నల్లబడదని చెప్పులు కుట్టిన ఇంటి కోడలికి ఒకరు చెప్పాలా? ఆమె మిగిలిన నీళ్ళు పోసేసి లోపలికి వెళ్ళింది. ఇక ఆ క్షణం నుంచి ఆమెకు కుదురు లేదు.

అసలు ఎప్పుడూ పెద్దగా కుదురున్న మనిషి కాదు అన్నమ్మ. చేతిలో పని లేకపోతే కొంగు అంచుకు పోగులు లాగుతూ కూర్చునేది. చిన్నప్పుడు మిషను బోర్డింగులో తోటి ఆడపిల్లలు రుమాళ్ళ మీద పువ్వులు కుడుతుంటే, దొరసానమ్మ ఈమె చేతులు చూసి నాలుగు అల్లిక సూదులు ఇచ్చింది. మేజోడు అల్లడం అలా వచ్చింది. పెళ్ళయ్యాక ఇబ్రహీంపట్నం వైపు పల్లెలో ఆ సూదులకు పనేముంది? అక్కడ కాళ్ళకు చెప్పులుంటేనే గొప్ప. మామ సాలోమోను చెప్పులు కుట్టేవాడు. ఆయన పోయాక, తీతు పట్టాళంలో చేరాక, అత్త ఎల్లమ్మా ఆమే గడ్డిఅన్నారం వచ్చి ఒక గది కిరాయికి తీసుకున్నారు. ఎల్లమ్మ ద్రాక్షతోటల్లో కూలికి పోయేది. దిల్‌సుఖ్‌నగర్‌లో కొత్తగా లేస్తున్న ఇళ్ళ మధ్య ఒక పిల్లల బడి ఉంటే అన్నమ్మ అందులో ఆయమ్మగా కుదిరింది. ఉద్యమం మొదలయ్యాక ఆ బడి మూతపడింది. అటు ఇప్పుడు ఎల్బీనగర్ అంటున్న చోట అప్పుడు తోటలూ రాళ్ళగుట్టలూ తప్ప ఏమీ లేవు. విజయవాడ రోడ్డు ఒక్కటే పొద్దంతా నినాదాలతో, పోలీసు లారీలతో కదులుతూ ఉండేది.

మర్నాడు రేకు పెట్టె సర్దుతుంటే అడుగున ఆమె చేతి మేజోళ్ళు దొరికాయి. కిందటేడు చలికాలానికని తెల్లటి లావు నూలుతో అల్లి పంపినవి. బడిలో పిల్లల తల్లులు కూడా ముట్టుకుని చూసి మెచ్చుకున్న జత. ఇప్పుడవి ఎండిన తోలులా బిరుసెక్కి, మడమ దగ్గర చిరిగి ఉన్నాయి. వాటిని చేతిలో పట్టుకుని ఆమె భర్త ఎదురుగా కూర్చుంది. అడగలేదు. అడగకపోతేనే తీతు చెబుతాడని ఆమెకు తెలుసు.

చెప్పాడు, కొంచెం కొంచెంగా. కాశ్మీరంలో చలికాలం వస్తే అతని దళం కాళ్ళకు పొడవాటి చెక్కలు కట్టుకుని మంచు మీద పోతుంది. వాటిని స్కీలంటారు. కొండ మీంచి జారడం కాదది. పొద్దున బయలుదేరితే చీకటి పడేదాకా చదును మీద, ఎత్తుల మీద నడకే. కాళ్ళకు చెమట పడుతుంది.

ఎల్లమ్మ బియ్యం చెరుగుతున్నదల్లా చేట ఆపింది. "మంచుల చెమటేందిరా? సల్లగుంటదంటివి గద."

"సల్లగనే ఉంటది అవ్వా. మనం పొయ్యి లెక్క కాగుతం, బయట మంచుంటది. నడిసినంతసేపు ఏం కాదు. ఆగితెనే ఉన్నది పరేషాన్."

అర్థం కాలేదంటే, కంచెలోంచి రెండు వెదురు బద్దలు లాగి కాళ్ళకు తాళ్ళతో కట్టుకుని చూపించాడు. చేతుల్లో రెండు కర్రలు. ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కు, పేడతో అలికిన నేల మీద ఈడ్చుకుంటూ గది ఈ చివర నుంచి ఆ చివరకు పోయాడు. ఎల్లమ్మ కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వింది. పీర్ల పండుగలో పులేషం కట్టినోడు తాగి తప్పిపోయినట్టుందని అంది. అన్నమ్మ నవ్వలేదు. అతని కుడి మడమ ఎక్కడ వంగుతోంది, ఎక్కడ రాసుకుంటోంది అన్నదే చూస్తోంది.

నూలు చెమటను తాగేస్తుందని, తాగినది వదలదని, కాసేపు ఆగితే అదే కాలి చుట్టూ గడ్డకడుతుందని తీతు మెల్లగా చెప్పాడు. పట్టాళం వాళ్ళిచ్చిన ఊలు మేజోళ్ళకు వేళ్ళ దగ్గర కుట్టు గట్టిగా ఉండి గుచ్చుకుంటుంటే, ఇంటి నుంచి వచ్చినవి మెత్తగా ఉన్నాయని అవే తొడిగాడట. ఆమె అల్లినవని పదిమందికి చూపించి మరీ తొడిగాడట.

అన్నమ్మ చిరిగిన మడమలోకి వేలు దూర్చి చూసింది.

పట్టాళం డాక్టరు ఇంకో మాట కూడా అన్నాడట. వచ్చే చలికాలం మళ్ళీ వేళ్ళు ఇలాగే అయితే ఇక చెక్కలు కట్టనివ్వరు, ఇంటికి పంపేస్తారు.

ఎల్లమ్మ వెంటనే అందుకుంది. "పంపనీ. మంచిదే గద. ఈడ నీకు పని దొర్కదా? పెండ్లాం ఉన్నది, నేనున్న. ఆ మంచుల నీకేం పెట్టిండ్రు?"

తీతు వెదురు బద్దలు విప్పి పక్కన పెట్టాడు. తర్వాత తల ఎత్తకుండానే అన్నాడు. "మనూర్ల నా అడుగు పడితె నీళ్ళు సల్లుకున్నోళ్ళున్నరు అవ్వా. ఆడ కొత్త మంచు పడ్డదనుకో, ముందుగాల నేనే పోత. నా చెక్కలు గీసిన గీతలల్లనే ఎనకొచ్చేటోళ్ళంత నడుస్తరు. ఏ కులపోడైన, ఎంత పెద్ద ఆఫీసరైన. గీత దప్పితె మునుగుతరు."

ఎల్లమ్మ చేట తీసుకుని బయటకు పోయింది.

అన్నమ్మకు అప్పుడు రెండు మనసులు. ఒకటి అత్త మాట వెంట పోయింది. బడి ఎప్పుడు తెరుస్తారో తెలియదు, వీధిలో ఎప్పుడు ఏం పేలుతుందో తెలియదు, ఇంట్లో ఇద్దరూ ఆడవాళ్ళే. మొగుడు ఇంట్లో ఉంటే బాగుండదా? రెండో మనసు ఆ బిరుసెక్కిన మేజోళ్ళ మీద ఉంది. సెలవు అయ్యేలోగా కాలికి పట్టే జత ఒకటి అల్లి ఇవ్వాలి. ఆ పని మాత్రం తన చేతులే మొదలుపెట్టేశాయి.

ఊలు ఎక్కడ? సుల్తాన్ బజారు తెరిచిన రోజు చూసి తీతు ఒక నైలాను జత తెచ్చాడు. అది చేత్తో నలిపి, లోపల చెమట పడితే జారుతుందని తనే పక్కన పడేశాడు. ఎల్లమ్మ బడంగ్‌పేట్ వైపు గొర్రెల కాపరుల దగ్గర గొంగడి నేసే నల్ల ఊలు ఒక ఉండ తెచ్చింది. కొడుకు ఇంటికి రావాలన్నది ఆమే, ఊలు తెచ్చిందీ ఆమే. వానలో తడిసినా గొంగడి కింద మనిషి వెచ్చగా ఉంటాడని అందరికీ తెలిసిన సంగతే. కాని ఆ ఊలు ముళ్ళకంపలా గుచ్చుకుంటుంది.

వినడం వేరు, కాలికి తెలియడం వేరు అనుకుంది అన్నమ్మ. ఎడమ కాలికి పాత నూలు మేజోడు, కుడికాలికి గొంగడి ఊలుతో హడావిడిగా, మడమ లేకుండా గొట్టంలా అల్లిన గుడ్డిమేజోడు తొడిగి, రెంటి మీదా నీళ్ళు పోసుకుని, తీతు బూట్లలో గుడ్డలు కుక్కి వేసుకుంది. ఎండాకాలం పొద్దుటి పూట సరూర్‌నగర్ చెరువు దాకా నడిచి వచ్చింది. దారంతా జనం చూపులే. ఒక ముసలాయన, కర్ఫ్యూలో పోలీసోళ్ళకు మనుషులు చాలక ఆడోళ్ళను పెట్టుకున్నరా అని అడిగాడు. ఇల్లు చేరి విప్పి చూస్తే ఎడమ మడమ తెల్లగా నాని బొబ్బ ఎక్కింది. కుడికాలు దురదతో ఎర్రబడింది గాని చర్మం చెక్కుచెదరలేదు. సంగతి తేలిపోయింది. ఊలే కావాలి, కాని మెత్తటి ఊలు కావాలి.

అది దొరికింది సుమిత్రమ్మ దగ్గర. ఆమె పక్క వీధిలో ఉండే ఏలూరు మనిషి. భర్తది సర్కారు ఆఫీసులో ఉద్యోగం. అన్నమ్మ బూట్ల నడకను ఆమె గేటులోంచి చూసింది.

"ఏవిటే అన్నమ్మా, మీ ఆయన ఉద్యోగం నువ్వు చేస్తున్నావా?" అని అడిగింది. సంగతి విని లోపలికి వెళ్ళి, భర్త ఢిల్లీలో పనిచేసిన రోజుల నాటి బూడిదరంగు స్వెట్టరు తెచ్చి చేతిలో పెట్టింది. వరండా నిండా కట్టిన మూటలున్నాయి. ప్రహరీ మీద తారుతో పెద్ద పెద్ద అక్షరాలు రాసి ఉన్నాయి, వెళ్ళిపొమ్మని. ఆ చేతిరాత తమ వీధి కుర్రాళ్ళలో ఎవరిదో అన్నమ్మకు తెలుసు. తల వంచుకుని నిలబడింది.

"తీసుకోవే. ఏలూరులో స్వెట్టరు వేసుకునేదెవరు?" అంది సుమిత్రమ్మ. కాస్త ఆగి, గోడ వైపు చూడకుండా, గొడవలు తగ్గితే మళ్ళీ వస్తామని, తులసికోటకు నీళ్ళు పోస్తూ ఉండమని చెప్పింది. పోస్తానంది అన్నమ్మ. యేసయ్య బిడ్డ తులసికి నీళ్ళు పోయడమేమిటని చర్చిలో ఎవరైనా అడిగితే చూసుకుందామనుకుంది.

స్వెట్టరు విప్పి, ఊలు గోరువెచ్చటి నీళ్ళలో ముంచి, ఆరవేసి, ఉండలు చుట్టారు. ఇక కొలత. అడుగు ఎప్పుడు తీయాలో ఎల్లమ్మ చెప్పింది. "మీ మామ పొద్దుగూకినంకనే అడుగు తీసేటోడు. పొద్దుగాల తీస్తె మాపటికి చెప్పు కరుస్తదనేటోడు." ఆ ఇంట అది శాసనం. పొద్దంతా నడిచి కాలు ఉబ్బాక బొగ్గుతో నేల మీద అడుగు గీసి, ఆ గీత మీద తోలు కోస్తే, ఆ చెప్పు ఎవరినీ కరవదు. సాలోమోను చెప్పు కరిచిందని చుట్టుపక్కల పల్లెల్లో ఎవరూ అనలేదు.

కాబట్టి తీతు బండ్ల సంగతి కనుక్కోవడానికి స్టేషను దాకా నడిచి వచ్చిన ఒక సాయంత్రం, అతన్ని గోడ పక్కన నిలబెట్టి అన్నమ్మ బొగ్గుతో రెండు అడుగులూ గీసింది. వాటి మీదే అల్లిక మొదలుపెట్టింది.

ఎండకు చేతులు చెమర్చి ఊలు సూదులకు అతుక్కునేది. మాటిమాటికీ కొంగుకు తుడుచుకునేది. రోడ్డు మీద నినాదాలు వినిపిస్తే సూదులు ఆగేవి, దూరమయ్యాక మళ్ళీ కదిలేవి. తీతు సెలవు అయిపోయింది గాని రైళ్ళు ఎప్పుడు నడుస్తాయో, ఎప్పుడు ఆగుతాయో ఎవరికీ తెలియదు. బండి లేకపోతే పట్టాళం వాళ్ళు ఏమీ అనరు. బండి ఉండి ఎక్కకపోతే ఊరుకోరు. ప్రతి పొద్దూ అతను పెట్టె సర్దేవాడు, ప్రతి మాపూ విప్పేవాడు. ఇంట్లో ముగ్గురూ తలుపు వైపు ఒక చెవి పెట్టే అన్నం తినేవారు.

జత పూర్తయింది. ఆ సాయంత్రమే తొడిగి చూశాడు. చేతికి తొడుగు పట్టినట్టు పట్టింది. ఎల్లమ్మ చూసి, మీ మామ కొలత అట్లుంటదని గర్వంగా అంది.

ఆ తర్వాత తొలివాన పడింది. తెల్లవారేసరికి గది చల్లబడింది. అన్నమ్మ లేచి చూస్తే తీతు పాదాలు దుప్పటి బయటకు వచ్చి ఉన్నాయి. ముచ్చటేసి, అతను నిద్రలో ఉండగానే కొత్త మేజోడు ఒకటి తొడిగింది. మడమ వెనక వేలు దూరేంత సందు. వేళ్ళ దగ్గర అల్లిక మడత పడింది. ఇది ఆ మేజోడేనా అని తిప్పి చూసింది. అదే.

అతన్ని లేపి బొగ్గు గీత మీద నిలబెట్టింది. నిద్రకళ్ళతో నిలబడ్డాడు. అడుగు చుట్టూ, పాదానికీ గీతకూ మధ్య సన్నటి ఖాళీ అంతటా కనిపించింది, చెప్పులో కాలు పెట్టినట్టు. చెప్పుకు ఆ ఖాళీ ప్రాణం. మేజోడుకు ఆ ఖాళీయే మడత. ఆ మడత పొద్దంతా రాసుకుంటే బొబ్బ, బొబ్బ పగిలితే తడి, తడి నిలిస్తే మళ్ళీ అవే నల్లటి వేళ్ళు. ఈ ఊరి ఎండలో ఉబ్బిన కాలు మంచులో ఎంతకు ముడుచుకుంటుందో ఎవరికి తెలుసు?

ఏందని అడిగాడు తీతు. ఏం లేదు, పడుకొమ్మంది.

బిందె తీసుకుని వీధి కుళాయి దగ్గరకు పోయింది. నీళ్ళు ఇంకా రాలేదు. కుళాయి కింద పెట్టిన ఖాళీ బిందె పక్కన కూర్చుంది. ఎవరూ చూడలేదు. సాయంత్రం తొడిగితే సరిపోతుంది, అతనికి తెలియదు. కావాలని చేసింది కూడా కాదు. చలికాలం పోగానే మొగుడు ఇంటికి వచ్చేస్తాడు. నడుస్తాడు, కాస్త కుంటుతాడేమో. మలక్‌పేటలో ఏదో ఒక కొట్లో పని దొరుకుతుంది. సాయంత్రాలు ఈ వీధిలో అతని అడుగుల చప్పుడు వినబడుతుంది. ఇంత మంచి బతుకు కోసం ఆమె చేయవలసిందల్లా ఏమీ చేయకుండా ఉండటమే. అదే ఆమెకు చేతకాని పని. కూర్చుంటే కాళ్ళు నిలవలేదు. వీధి మలుపు దాకా పోయింది, వచ్చింది, మళ్ళీ పోయింది. నీళ్ళు వచ్చిన సంగతి బిందె పొర్లి కాళ్ళు తడిశాకే తెలిసింది.

ఇంటికి వచ్చేసరికి ఎల్లమ్మ బొగ్గు గీత ముందు కూర్చుని ఉంది. చేతిలో ఆ మేజోడు. ఆమెకూ అర్థమైపోయింది. కోడలి మొహంలోకి చూడకుండా, చాలా చిన్న గొంతుతో అంది.

"ఉండనీ బిడ్డా. ఎవలకెరుక? ఇంటికొస్తడు."

అన్నమ్మ బిందె దించింది. అత్త మాట తప్పని ఆమె అనలేదు. తన మనసులో ఉన్న మాటే అత్త నోట వినేసరికి, అది వేరే మనిషి మాటలా వినబడింది. మేజోడు తీసుకుంది. "ఎరుక లేక చేసింది కిందటేడు అయిపాయె అత్తా. ఇప్పుడెరుకే గద," అని వేళ్ళ దగ్గరి ముడి పళ్ళతో కొరికి, పోగు పట్టి లాగింది. అల్లిక వరస వెంట వరస విడిపోతూ గదిలో సన్నటి చప్పుడు చేసింది.

ఎల్లమ్మ నేల మీద పడుతున్న పోగు కొస అందుకుని ఉండ చుట్టడం మొదలుపెట్టింది.

అన్నమ్మ కుండలో చల్లటి నీళ్ళు తొట్టిలో పోసి, తీతు పాదాలు అందులో పెట్టించి, వేళ్ళు ముడతలు పడేదాకా కూర్చోబెట్టింది. అతను చలికి కాదు గాని నవ్వు ఆపుకోలేక వణికాడు. "మంచుల నీ కాలు చిన్నగైతదా?" అని అడిగింది. ఆలోచించి, నిజమేనన్నాడు, అక్కడ బూటు తాడు ఎప్పుడూ ఇంకొంచెం బిగించాల్సి వస్తుందని. పాత గీత లోపల కొత్త గీత గీసింది.

ఒక మేజోడు పూర్తయి, రెండోది మడమ తిరిగిన రోజు కబురొచ్చింది. రేపు ఢిల్లీ బండి నడుస్తుంది. ఎల్లుండి సంగతి ఎవరూ చెప్పలేరు.

సికింద్రాబాదు దాకా మళ్ళీ నడకే. తీతు నెత్తిన పెట్టె, వెనక అన్నమ్మ అల్లుకుంటూ. గొర్రెల వెంట నడుస్తూ ఊలు వడికే కాపరుల్లా ఆమె కళ్ళు దారి మీద, వేళ్ళు సూదుల మీద. చాదర్‌ఘాట్ దగ్గర పోలీసులు ఆపితే పెట్టె తెరిచి చూపించారు. ఒక పోలీసు సూదుల వైపు అనుమానంగా చూసి, ఏమనుకున్నాడో వదిలేశాడు. ప్లాట్‌ఫారం మీద పెట్టె మీద కూర్చుని అల్లింది. బండి కూత వేసేసరికి వేళ్ళ మొన ఒక్కటి మూయాల్సి ఉంది.

అక్కడ కుట్టు గట్టిపడితే గోరు మీద రాయి పెట్టినట్టే. ఆమె పెద్ద కన్ను సూదిలో ఊలు ఎక్కించి, పూర్తయిన మేజోడు లోపలివైపు తిప్పి చూపించింది, పోగు ఎటు పోయింది, ఎంత వదులుగా పోయింది.

"నువ్వు కుట్టగలవా?"

"సాలోమోను కొడుకును," అన్నాడు తీతు. సూదులతో సహా మేజోడు అందుకుని కదులుతున్న బండి ఎక్కాడు.

తిరుగుదారిలో ఆమె చేతులు ఖాళీ. కొంగు అంచు పోగులు లాగుతూ నడిచింది. ఇంటికి వచ్చేసరికి ఎల్లమ్మ నేల అలికేసింది, రెండు బొగ్గు గీతలున్న చోటు మాత్రం వదిలి.

వానలు పోయాయి. బడి తెరిచారు. సుమిత్రమ్మ ఇంట తులసి గుబురుగా పెరిగింది. చలి మొదలైన దగ్గర నుంచి, సాయంత్రం వీధిలో బూట్ల చప్పుడైతే అన్నమ్మ పని ఆపేది. ఆ చప్పుడు తమ గడప దగ్గర ఆగాలని ఉండేది, ఆగకూడదనీ ఉండేది. దాటిపోయాక ఊపిరి పీల్చుకునేది. అది ఊరటో దిగులో ఆమెకే తెలిసేది కాదు.

సంక్రాంతి దాటింది. మామిళ్ళు పూశాయి. కాశ్మీరంలో మంచు కరిగే వేళ కూడా అయింది. తీతు ఇంటికి రాలేదు.

ఇంటికి పంపలేదంటే మేజోళ్ళు సరిపోయాయన్న మాట. ఆ పొద్దున అన్నమ్మ నాలుగు కొత్త సూదులు కొనుక్కొచ్చి, అత్త చేతికి ఊలు చుట్ట ఇచ్చి, ఎదురుగా కూర్చుంది.